మా మేడం నుదుటి చెమట

మా మేడం పోయారు. డెంగ్యూ జ్వరంతో పంజాగుట్టలో ఆస్పత్రిలో చేరిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. కబురు వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. జ్వరం మీద కాదు, మా డైరెక్టరు గారి మీద.

అమీర్‌పేటలో మాది బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్. ఆమె లెక్కలు చెప్పేవారు, నేను రిసెప్షన్‌లో కూర్చుంటాను. కొత్త బ్యాచ్‌కు ముందు ఆమె డెమో క్లాసు ఉందంటే పక్క సెంటర్ల పిల్లలు కూడా వచ్చి మెట్ల మీద నిలబడి వినేవారు. ఎవరైనా తప్పు జవాబు చెబితే, “తప్పు చెప్పెటోళ్ల కోసమే నేనొచ్చిన. కరెక్టు చెప్పెటోళ్లకు నాతోని ఏం పని?” అనేవారు.

నలభై అయిదు దాటాక ఆమె ఒంట్లో ఏదో మొదలైంది. నెలసరి తప్పి తప్పి వచ్చేది. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. చిన్న మాటకే చిర్రెత్తేది. క్లాసు మధ్యలో ఛాతీలోంచి సెగ లేచి ముఖమంతా ఎర్రబడి చెమటలు కారేవి. వేలసార్లు చెప్పిన సూత్రం కూడా ఒక్కోసారి నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మెడ మీద తడి కర్చీఫ్ వేసుకుని పాఠం చెప్పేవారు.

ఏసీ రిమోట్ డైరెక్టరు గారి సొరుగులో ఉండేది. ఆమె అడిగితే ఆయన క్లాసు గుమ్మంలో నిలబడి, “అందరికీ బాగానే ఉంది కదా మేడం గారూ. మీ ఒక్కరికేనా?” అనేవారు. పిల్లలు నవ్వేవారు. మేడంకు మతి నిలకడ లేదని ఆయనే ఊదరగొట్టి, ముందు డెమోలు తీసేశారు, తర్వాత బ్యాచ్‌లు తీసేశారు. ఆమెను చూసిన మొదటి డాక్టరు కూడా టెన్షన్ తగ్గించుకోమని పంపేశాడు.

చివరికి పంజాగుట్టలో ఒక లేడీ డాక్టర్ అన్నీ ఓపిగ్గా అడిగి, విషయం విడమరిచి చెప్పింది. మేడం అటునుంచి అటే వచ్చి నా ముందు కూర్చున్నారు.

“నాకు పిచ్చి లేదంట. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేండ్లు గిట్లనే ఉంటదంట. దానికి పేరు సుత ఉన్నది, పెరిమెనోపాజ్ అంట. గీ ముక్క ఎవరన్న ముందే చెప్తే నా క్లాసు నాకుండేది గద.”

మందులతో ఆమె తేరుకున్నారు. బ్యాచ్‌లు మాత్రం తిరిగి రాలేదు. ఎస్.ఆర్. నగర్‌లో ఇంట్లోనే హాస్టల్ అమ్మాయిలకు పాఠాలు చెప్పుకున్నారు. నడివయసు ఆడవాళ్లు ఎవరు కనిపించినా, మెట్రోలో పక్కన కూర్చున్నావిడను కూడా, నిద్ర పడుతోందా, సెగలు వస్తున్నాయా, నెలసరి సరిగా వస్తోందా అని అడిగేవారు. ఇబ్బంది ఉంటే భరిస్తూ కూర్చోవద్దని, డాక్టరుకు చూపించుకోమని పోరేవారు. ఇప్పుడు నాకూ సెగలు వస్తున్నాయి. అవేమిటో తెలిసి భయపడకుండా ఉన్నానంటే అది ఆమె చలవే.

మొన్న మా సెంటర్‌లోనే సంతాప సభ పెట్టారు. ఆమె ఫొటో పక్కనే కొత్త బ్యాచ్ ఫ్లెక్సీ కట్టించారు డైరెక్టరు గారు. సిగ్గు లేదు. బయట మే నెల ఎండ. ఏసీ రిమోట్ ఇప్పుడు రిసెప్షన్‌లో నా దగ్గరే ఉంటుంది. ఆయన మైకు పట్టుకుని “మేడం మా కుటుంబ సభ్యురాలు” అనగానే ఏసీ ఆపేసి, రిమోట్ హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

కాసేపటికి ఆయన చొక్కా వీపుకు అతుక్కుంది. నా వైపు చూసి, “కాస్త ఏసీ వెయ్యమ్మా” అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. “అందరికీ బాగానే ఉంది కదా సార్. మీ ఒక్కరికేనా?”

అప్పుడు నవ్విన పాత పిల్లలు కొందరు సభకు వచ్చి ఆ గదిలోనే ఉన్నారు. తలలు దించుకున్నారు. మా ఆడ స్టాఫ్ చెమటలు కారుతున్నా ఒక్కరూ కదల్లేదు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నాకైతే కడుపు చల్లబడింది.

దండ వేసిన ఆ ఫొటో ఆమె చివరి డెమో క్లాసులో తీసింది. నుదుటి మీద చెమట మెరుపు తీసేయమంటారా అని స్టూడియో అతను అడిగితే, ముట్టుకోవద్దన్నాను. డైరెక్టరు గారు ముఖం తుడుచుకుంటూ, మాట తడబడుతూ నిలబడ్డారు. ఆయన వెనక గోడ మీద మా మేడం నుదురు తళతళ మెరుస్తూనే ఉంది.