లెక్కల సారును ముంచిన మేకముడి

ఒక పెద్దమనిషిని నిండు చెరువులో ముంచడానికి బలం అక్కర్లేదు, పగ అక్కర్లేదు. పొడుగాటి తాడు, అంతకంటే పొడుగాటి పొగరు ఉంటే చాలు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర రెండూ ఉండేవి. మునిగింది మా లెక్కల సారు.

మాది అరవదేశంలోని ధర్మపురి పక్కన సోగత్తూరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, పెరటి నిండా మేకలు. ఆ మేకల రాజ్యానికి మహారాణి మా అవ్వ. ఆ ఏడు బడివాళ్లు మమ్మల్ని మూడు రోజులు కొండ కింద ఉన్న ఒక సాహస శిబిరానికి తీసుకెళ్లారు. మొదటి రోజు బండలెక్కాలి. పట్నం పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నేను మేకపిల్లలా ఎక్కి దిగాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నేరుగా తలకెక్కాయి.

రెండో రోజు చెరువులో తెప్పల పందెం. జట్టుకు నాలుగు ప్లాస్టిక్ పీపాలు, కొన్ని వెదురు బొంగులు, ఒక తాడు. నేర్పడానికి మురుగన్ అన్న వచ్చాడు. (మాటలన్నీ అరవంలో జరిగినవే. మీకోసం మా ఇంటి తెలుగులో చెబుతున్నాను.)

"ఈ ముడి నాలుగు తూర్లు తిప్పాల. బాగా చూడండి."

నేను చూడలేదు. "అన్నా, నాకు ముడులు వచ్చు."

"యాడ నేర్చుకున్నావు?"

"మేకల కాడ."

అందరూ పకపకా నవ్వారు. నాకు రోషం వచ్చింది. నా జట్టులోని శెల్వి చెవిలో గొణిగింది: "రేణుకా, ఆయన చెప్పినట్టే కడదామే."

"నువ్వు బొంగు పట్టుకో చాలు. మా అవ్వ ఇట్లే కడుతుంది. ఒక్క మేకైనా ఊడి పోయిందేమో అడుగు!"

"ఎవరిని అడిగేది? మేకనా?"

తాడునంతా బొంగుల చుట్టూ, పీపాల చుట్టూ తిప్పి చివర ఒకే ఒక్క ముడి వేశాను. మిగతా జట్లు రెండో పీపా దగ్గరుండగానే మా తెప్ప తయారు. అది చూసి లెక్కల సారు వచ్చారు. నోటుపుస్తకంలో గీత వంకరైతే పేజీ మొత్తం తిరగరాయించే మనిషి. అన్నాళ్లూ నన్ను "మూడో బెంచీ" అని పిలిచిన ఆయన, తొలిసారి పేరు పెట్టి పిలిచారు.

"రేణుకా, నేను నీ తెప్పలోనే వస్తా."

ఇంద్రుడు ఐరావతాన్ని వదిలి నా మేక మీద ఎక్కినట్టనిపించింది. సారు కూడా మాలాగే నారింజరంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, కొత్త సెల్‌ఫోన్ జేబులో పెట్టుకుని, తెప్ప నడుమ పద్మాసనం వేశారు. ఆయనకు ఈత రాదని శెల్వి చెప్పింది. నాకూ రాదని నేను చెప్పలేదు.

చెరువు నడిమికి వచ్చాం. సారు చూపు ముడి మీద పడింది.

"ఏందిది, తోక మాదిరి వేలాడతా ఉంది?"

"అది అట్లే ఉండనీండి సార్."

"చక్కగా లోపలికి దోపాల గదా?"

"లాగొద్దు సార్!"

లాగారు. తాడు సర్రుమని జారింది. నాలుగు పీపాలూ భాగం పంచుకున్న అన్నదమ్ముల్లా నాలుగు దిక్కులకు పోయాయి. జాకెట్ల పుణ్యమా అని అందరం గుమ్మడికాయల్లా తేలాం. సారు మాత్రం ముందు ఒకసారి పూర్తిగా మునిగి, తర్వాత ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి తేలారు. మురుగన్ అన్న పుట్టి వేసుకొచ్చి ఆయన్ని నానిన వడ్లమూటలా లోపలికి లాగాడు.

ఒడ్డున సారు మీసం పిండుకుంటూ అడిగారు. "ఈ ముడి ఎవరు నేర్పించినారు?"

"మా అవ్వ, సార్."

"ఆమెకు నా నమస్కారాలు చెప్పు."

ఫోన్‌ను బియ్యంలో పెట్టి బతికించారు గానీ, ఆ తర్వాత ఎవరు మాట్లాడినా గుడగుడమనే వినబడేదట. అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చచ్చిందంటారు. నేను చావలేదు గానీ, అంతకంటే ఎక్కువే జరిగింది. మిగిలిన రోజంతా శిబిరంలో పిల్లలు నన్ను చూసి "మే... మే..." అన్నారు.

ఇంటికి రాగానే అవ్వ మీద విరుచుకుపడ్డాను. ఆమె పాలు పిండుతోంది. తల ఎత్తలేదు.

"నీ ముడి ఊడిపోయింది అవ్వా! మా సారు చెరువులో పడినాడు!"

"ఒక్క లాగుకే ఊడిందా?"

"ఒక్క లాగుకే!"

"యాడా చిక్కు పడలేదు గదా?"

"లేదు!"

"అయితే బాగానే కట్టినావు." అవ్వ ముఖం వెలిగిపోయింది. "కొట్టానికి నిప్పంటుకుంటే మేకల్ని బిరబిరా ఇడిపించాల గదా. అందుకే ఆ ముడి. ఒక్క లాగుకు ఊడకపోతే అది ముడే కాదు."

ఏడవాలో, మెచ్చుకున్నందుకు పొంగిపోవాలో తెలియక అక్కడే కూలబడ్డాను.

అందుచేత అష్టదిక్పాలకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ముడైనా ఎందుకు వేస్తారో అడిగి తెలుసుకోనిదే ఈ జన్మలో వేయను. తెలుసుకున్నా సరే, లెక్కల మాస్టార్లను దాని మీద కూర్చోబెట్టను.