తోక కొస తెల్లగా ఉండాలన్న ఫోర్‌మన్ గారు

మా పక్క క్వార్టర్ ఫోర్‌మన్ గారు పోయిన నెల నిద్రలోనే పోయారు. పొద్దున్న పాలతను తలుపు కొడితే లోపలి నుంచి కుక్క ఊళ ఒక్కటే వినిపించిందట.

దామంజోడిలో ఇరవై ఏళ్లు ఒకే గోడకి అటూ ఇటూ బతికాం. ఆయనది గనిలో ఉద్యోగం. భార్య ముందే పోయింది, పిల్లల్లేరు. రిటైరయ్యాక ఒక బీగిల్ పిల్లని తెచ్చుకుని లచ్చి అని పేరు పెట్టుకున్నారు.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ జాతి గురించి నాకు తెలిసిందంతా ఆయన మెట్ల మీద కూర్చుని చెప్పిందే. కుందేళ్ల వేటకి పెంచిన కుక్కలట. తల వంచి నడుస్తుంటే ఆ పొడుగు చెవులు నేల మీది వాసనని ముక్కు వైపు తోస్తాయట. మొరుగు వేరు, ఊళ వేరు, వాసన దొరికినప్పుడు సాగదీసే కూత వేరు. ఎంత పెట్టినా ఇంకా పెట్టమనే చూస్తుంది. తోక కొస తెలుపు మాత్రం వేటగాడి కోసం, ఎత్తు గడ్డిలో కనిపించడానికి.

మా ఊరి ఎర్రమట్టికి ఆ తెలుపు పూటలో మాసిపోయేది. ఆయన రోజూ సాయంత్రం సబ్బు పెట్టి ఆ కొస ఒక్కటే కడిగేవారు.

"ఒళ్లంతా వదిలేసి తోక తోముతారేటండి?" అని నవ్వేవాణ్ణి.

"ఒల్లు మాసినా పర్లేదు బావూ. ఆ సివర మాసిందంటే గడ్డిలో మనకి కుక్క లేనట్టే."

ఆయన చెల్లెలు బొబ్బిలి నుంచి వచ్చారు. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదని అన్నీ మూటకట్టి ఇచ్చేశారు. లచ్చిని మా అమ్మాయి అడిగి తెచ్చుకుంది. తోక కడిగే సంగతి మా ఇద్దరికీ గుర్తు రాలేదు.

నాలుగో రోజు కొండవాలులో తిప్పుతుంటే లచ్చి ఏదో వాసన పట్టి, నా చేతిలో గొలుసు లాక్కుని పోయింది. పిలిచిన కొద్దీ దూరమైంది. నేల ఎరుపు, ఎండు గడ్డి ఎరుపు, తోకా ఎరుపే. పొద్దు వాలే దాకా వెతికాం. ఆయన అప్పగించకుండానే మా చేతికొచ్చిన ప్రాణం అది.

"గొలుసు గట్టిగా పట్టుకోమని సెప్పేను కదా నాన్నా," అంది అమ్మాయి.

అప్పుడు ఆయన మాట గుర్తొచ్చింది: "ముక్కు నేలకి తగిల్తే దానికి సెవులు పంజెయ్యవు బావూ. తప్పిపోతే, పోయిన సోటే నా సొక్కా ఒకటి ఏసి వచ్చెయ్. దాని కాడికే వొస్తాది."

"బట్టలన్నీ ఇచ్చేసేరు గదే అమ్మీ," అన్నాను.

"లచ్చి పడుకోడానికి ఏసిన ఆయన కాకీ సొక్కా ఉంది నాన్నా. కుక్క పడుకున్నదని ఎవులూ ముట్టుకోలేదు."

చీకటి పడకముందే ఆ చొక్కా వాలులో పరిచి వచ్చాం. తెల్లారి వెళ్లేసరికి లచ్చి దాని మీద చుట్టుకుని, ముక్కు జేబులో దూర్చి నిద్రపోతోంది. నేను గడ్డిలో కూలబడి నవ్వాను, ఏడ్చాను కూడా. మా అమ్మాయి పుట్టిననాటి తర్వాత అంత సంతోషం మళ్లీ అప్పుడే.

ఇప్పుడు సాయంత్రమైతే సబ్బు పట్టుకుని నేనే కూర్చుంటున్నాను. అమ్మాయి చూసి నవ్వుతుంది, నేను ఆయనని చూసి నవ్వినట్టే. పొద్దున్న మళ్లీ ఆ వాలుకే వెళతాం. గొలుసు పొడుగునా వదులుతాను. నడుము ఎత్తు గడ్డిలో కుక్క కనిపించదు. వేలెడంత తెలుపు ఒకటి మాకు ముందు కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది.