ఇటూ అటూ పాయింట్ రెండు

ఆసుపత్రిలో ఎక్స్‌రే గది బయట కూర్చుని టోకెన్లు ఇచ్చే ఆవిడను అందరూ సర్దుబాటక్క అంటారు. అసలు పేరు జీతాల గుమస్తాకైనా గుర్తుందో లేదో. విరిగిన చెయ్యి ముందా, వాచిన మోకాలు ముందా అని వరుసలో గొడవ మొదలైతే ఆవిడ లేచి రెండు మాటలు మాట్లాడేది. కాసేపటికి చెయ్యీ మోకాలూ “మీరు వెళ్ళండి”, “కాదు, మీరే వెళ్ళండి” అనుకునే స్థితికి వచ్చేవి. ఒకసారి గేటు దగ్గర రెండు కుక్కలు ఒకే ఎముక కోసం కొట్టుకుంటుంటే ఆవిడ మధ్యకు వెళ్ళిందనీ, ఆ తర్వాత అవి రెండూ ఎముకను అక్కడే వదిలేసి పక్కపక్కనే నడుచుకుంటూ పోయాయనీ వాచ్‌మన్ చెబుతాడు. వాచ్‌మన్ తాగడు. కాబట్టి నమ్మక తప్పదు.

ఇంత పేరున్న మనిషి ఫిజిక్స్ ల్యాబ్‌లో తప్పింది.

ఎక్స్‌రే గదిలో అసిస్టెంటు కుర్చీ ఖాళీ కాబోతోంది. ఆ కుర్చీ మీద ఆవిడకు ఏళ్ళ తరబడి కన్నుంది. బయట మనుషుల అరుపులు వినే బదులు లోపల వాళ్ళ ఎముకలు చూడొచ్చు. ఎముకలు ఎదురు మాట్లాడవు. సాయంత్రం కాలేజీలో ఫస్టియర్ ఫిజిక్స్, ప్రాక్టికల్స్‌తో సహా, పాసైతే కుర్చీ నీదే అన్నాడు పెద్ద డాక్టరు. పాసు కాకపోతే తన మేనల్లుడికి ఇస్తానని కూడా అన్నాడు. ఆ మేనల్లుడు తన ఎడమ చెయ్యి ఏదో తేల్చుకోవాలంటే వాచీ ఎటు కట్టుకున్నాడో చూసుకోవాలి.

థియరీ గట్టెక్కింది. ల్యాబ్‌లోనే మునిగింది. బల్ల దగ్గర ఆవిడకు జతగా ఒక పొడుగబ్బాయి, ఒక కళ్ళజోడమ్మాయి. స్క్రూగేజీతో వైరు మందం కొలవాలి. ఇద్దరికీ ఒకే లెక్క వస్తే ఒట్టు.

“నాకు కనపడింది నేను చెప్పా,” అన్నాడు పొడుగబ్బాయి.

“కనపడేదాకా బిగించావు కదరా! ఆ వైరుకి నోరుంటే పోలీసుల్ని పిలిచేది,” అంది కళ్ళజోడమ్మాయి.

“అయ్యో, పిల్లలూ! ఒక్క వైరు కోసం మొహాలు మాడ్చుకుంటారా? నువ్వు కాస్త తగ్గు నాన్నా, నువ్వు కాస్త పెరుగు తల్లీ,” అని సర్దుబాటక్క మధ్యన ఒక అంకె చెప్పింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. అన్ని గళ్ళలోనూ అదే అంకె వేసింది. ఏడాది పొడవునా ప్రతి ప్రయోగంలోనూ ఇదే వరస. ఆ బల్ల మీద ఉన్నంత సామరస్యం ఆ కాలేజీలో ఎక్కడా ఉండేది కాదు.

రికార్డు తిరగేసి ల్యాబ్ మేడమ్ అడిగింది: “ఇవి రీడింగులా, గ్రూప్ ఫొటోనా? అన్నీ ఒకేలా నవ్వుతున్నాయి.”

“గొడవలెందుకని సర్దానండి.”

“వాటిని గొడవ పడనివ్వాలమ్మా. ఎవరికి ఏది కనిపిస్తే అది రాయాలి. సగటు తర్వాత కట్టాలి. ఆ సగటుకి ఇటూ అటూ ఎంత దూరం పోట్లాడుకున్నాయో పక్కనే వెయ్యాలి. ఆ దూరం చెప్పడానికే ఈ ల్యాబ్ ఉంది. మీరు ముందే రాజీ చేసేస్తే ఇక చెప్పడానికేం మిగిలింది?”

మళ్ళీ పరీక్ష రాసే అవకాశం ఒక్కటే ఉంది. ఆవిడ ఇంట్లోనే సాధన మొదలుపెట్టింది. హాల్లో ఫ్యాను కొక్కేనికి దారం కట్టి, పాత తాళంకప్ప వేలాడదీసి లోలకం చేసింది. ఊపులు లెక్కపెట్టే పని అత్తగారిది, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కే పని భర్తది. ప్రతిసారీ కాలం వేరుగా వచ్చేది.

“నువ్వు నిద్రపోతూ నొక్కావురా,” అంది అత్తగారు.

“నువ్వే ఒక ఊపు మింగేశావమ్మా.”

“మింగడానికి అదేమన్నా మందుబిళ్ళా? అమ్మాయ్, నువ్వే చెప్పు, తప్పెవరిది?”

సర్దుబాటక్క నాలుక దురద పెట్టింది. పెదాలు బిగించి, వచ్చిన కాలాన్ని వచ్చినట్టే రాసుకుంది. మరీ ఆగలేకపోతే వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నిలబడేది. ఆ వారం ఇంటి నీళ్ళు ఒక చిన్న నదికి సరిపోయేవి. తల్లీ కొడుకూ మాటలు మానేశారు. ఆవిడ కలగజేసుకోలేదు.

పరీక్షలో లోలకమే వచ్చింది. లోలకాన్ని ఊపి, ఊపుకి పట్టే కాలాన్ని బట్టి భూమ్యాకర్షణ విలువ కట్టాలి. పుస్తకంలో అది తొమ్మిది పాయింట్ ఎనిమిది. పొద్దుటి నుంచి ఆ గదిలో అందరికీ సరిగ్గా అదే వచ్చింది. దారం తెగి గుండు బీరువా కిందికి దొర్లిపోయిన కుర్రాడికి కూడా అదే వచ్చింది.

సర్దుబాటక్కకు మాత్రం తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. మూడుసార్లు కొలిచిన కాలాల్లో ఒకటి మిగతా రెంటికీ దూరంగా, అలిగిన చుట్టంలా నిలబడింది.

“అక్కా, దాన్ని కొట్టేసి కాస్త సర్దండి, ఎనిమిది వస్తుంది. మేమంతా అదే రాశాం,” అని పక్క బల్ల నుంచి గుసగుస.

సర్దడం! ఆవిడ చెయ్యి అలవాటుగా ఆ అంకె మీదికి పోయింది. ఎక్స్‌రే గది తలుపు కళ్ళముందు మూసుకుంటున్నట్టే అనిపించింది. కలం మూత పెట్టేసి, ఆ గడిని అలాగే వదిలేసింది.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు కాగితం పట్టుకుని కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. “తొమ్మిది పాయింట్ ఆరా? పుస్తకం తప్పంటారా?”

“పుస్తకం తన మాట చెప్పిందండి, నేను నాకొచ్చింది చెప్పాను. నా మాటకి ఇటూ అటూ పాయింట్ రెండు తేడా ఉంది, పక్కనే వేశాను. పుస్తకం మాట ఆ అంచు మీద కూర్చుంటుంది. మా ఇద్దరికీ పేచీ లేదు.”

“ఈ రీడింగు ఇంత దూరం పోయిందేం?”

“స్టాప్‌వాచ్ ఆలస్యంగా నొక్కానేమోనండి. అయినా నాకొచ్చిందే కదా. తీసెయ్యలేదు.”

ఎగ్జామినరు ఆ రోజు మొదటిసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “ఈ గదిలో లోలకం ఊపింది మీరొక్కరేనా ఏం?” అని మార్కులు వేశాడు.

పాసైన కాగితం పెద్ద డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని రెండువైపులా తిప్పి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“సంతోషం. కానీ నువ్వు లోపలికొస్తే బయట వరుసని ఎవరు చూస్తారు? మావాడు కూడా ఆశ పెట్టుకున్నాడు. పొద్దున బయట, మధ్యాహ్నం లోపల... వాడితో చెరిసగం చేసుకో. నీకు తెలియని సర్దుబాటా?”

“కుదరదు సార్,” అంది.

డాక్టరు ఆ తర్వాతి మాట కోసం ఎదురు చూశాడు. ఆవిడ దగ్గర తర్వాతి మాటంటూ లేదు. చివరికి ఆయనే సొరుగు లాగి, ఎక్స్‌రే గది తాళంచెవి తీసి బల్ల మీద ఆవిడ వైపు జరిపాడు.