సుందరమ్మ చేతికి కుదిరిన బంతులు

మా దుకాణంలో తయారైన మంచం కోళ్ళు, ఊయల స్తంభాలు ఈ తాలూకాలో చాలా ఇళ్ళలో ఉన్నాయి. వాటి గురించి నేను రాయకపోయినా నష్టం లేదు. కానీ ఒక మనిషి చేతిని చూసి నాలుగు కొయ్యబంతులు చేసిన సంగతి మాత్రం రాసిపెట్టి తీరాలి. ఇంద్రజాలం మీద దొరికిన పుస్తకాలన్నీ తర్వాత తిరగేశాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకొని మరీ చదివాను. బంతిని ఎలా మాయం చేయాలో ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఏ చేతికి ఏ బంతి తగునో ఎలా తేల్చుకోవాలో మాత్రం నా కంటపడిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆ లోటు నా చేతనైనంత పూడ్చాలని ఇది రాస్తున్నాను.

అది 1938 వేసవి. మార్కాపురం అప్పుడు మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లా కింద ఉండేది. పలకల కార్ఖానా గోడకు ఆనుకొని మా దుకాణం. నా పనిముట్టు తరిమెన. ఇంగ్లీషులో లేత్ అంటారు. కొయ్య గుండ్రంగా తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కడమే పని. మా ఆవిడ రంగమ్మ తోలుపట్టీని అటూ ఇటూ లాగేది, నేను ఉలి పట్టేవాణ్ణి.

ఆ వారం హుసేన్ సాహెబు అనే ఆయన ఊళ్ళో మ్యాజిక్ డేరా వేయించాడు. ఇంద్రజాలికుడు గంగాధరం గారిది బెజవాడ. బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. చేతికి కట్టుతో, భార్య సుందరమ్మతో కలిసి మా దుకాణానికి వచ్చారు. వెనకే సాహెబు కూడా వచ్చాడు.

సుందరమ్మ గుడ్డసంచీ విప్పి ఎర్రటి బంతులు నా ముందు పెట్టింది.

"అన్నయ్యగారూ, ఇవి మావారి చేతికి కొలిచినవి. నా చేతిలో గుమ్మడికాయ పెట్టినట్టుంటాయి. శనివారం ఆయన బదులు ఆట నేను చేయాలి, నాకు తగినవి చేసిపెట్టాలి."

"లోపం బంతుల్లో లేదండీ, సాధనలో ఉంది," అన్నారు గంగాధరం గారు.

"మీ చెప్పులేసి నన్ను నడవమని, నడకలో లోపం అంటే ఎలాగండీ?" అందామె.

సాహెబు గుమ్మం దగ్గరే నిలబడి, "ఆచారీ, నువ్వు కూడా విను," అన్నాడు. "గోడలమీద కాగితాలన్నిట్లో బంతుల ఆట అని వేయించినా. శనివారం ఈమె ఆ ఆట చేసి చూపిస్తే వీళ్ళు నాతోనే కంభం, గిద్దలూరు వస్తారు. కుదరలేదా, పొదిలిలో ఇంకో మాస్టరు ఉండాడు. ఆయన్ని పిలిపిస్తా. అప్పుడు నన్ను అనుకోవద్దు."

ఆయన వెళ్ళాక సుందరమ్మ నన్నే చూస్తూ కూర్చుంది. పదేళ్ళుగా భర్త పక్కన పళ్ళెం పట్టుకొని నిలబడిన మనిషి. ఆట అంతా ఆమెకు తెలుసు, చేతికి మాత్రం అందడం లేదు. నా ఒళ్ళంతా హుషారు పుట్టింది. మంచం కోడు ఎవరి ఇంటికైనా సరిపోతుంది. ఒకే ఒక్కరికి సరిపోవలసిన వస్తువు చేయమని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు.

ముందు ఆ పనేమిటో నాకు తెలియాలి గదా. ఆమే చెప్పింది. మానిప్యులేషన్ అంటే పెట్టెలూ యంత్రాలూ లేకుండా చేతి నేర్పుతోనే చేసే ఆట. ఖాళీ చేతిలో ఒక బంతి పుడుతుంది, వేళ్ళ సందుల్లో అది రెండవుతుంది, మూడవుతుంది, నాలుగవుతుంది. పామ్ అంటే బంతిని అరచేతి కండల మధ్య పట్టి ఉంచి, చెయ్యి ఖాళీగా ఉన్నట్టు వదులుగా కనబరచడం. ఇందులో ఇంకొక రహస్యం ఉంది. బయట పెట్టనని మాట ఇచ్చాను కాబట్టి రాయను.

అంకుడు కర్రతో రకరకాల సైజుల్లో నమూనాలు తీశాను. ఆమె ఒక్కొక్కటే పట్టి చూసింది. పెద్దదానితో వేళ్ళు బిగుసుకొని కొక్కేల్లా అయ్యాయి. మరీ చిన్నది అరచేతిలోంచి జారింది. మధ్యవాటిలో ఏది సరైనదో మాకు తేలలేదు. తోలుపట్టీ పక్కన పెట్టి చూస్తున్న రంగమ్మ తమలపాకులు తెచ్చి ముందర పెట్టింది.

"అక్కా, బంతి అరచేతిలో అట్లనే పెట్టుకొని ఆకు చుట్టు. చుట్టలేకపోతే అది నీది కాదు."

అంతకన్నా మంచి పరీక్ష నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఒక్క బంతితో మాత్రమే ఆమె ఆకు తుంచి, సున్నం రాసి, చిలక చుట్టి భర్త చేతికిచ్చింది. బంతి ఎక్కడుందని ఆయన ఆమె రెండో చేయి చూశారు. అంగుళమున్నర దాటి నూలుపోగంత, అదీ కొలత.

"కొలత సరే, బరువు లేదు," అందామె. "చేతిలో ఉన్నట్టే తెలియడం లేదు. లేనట్టు నటించాలంటే ఉన్నట్టు నాకు తెలియాలి కదన్నయ్యా."

అంకుడు తేలిక కర్ర. గిద్దలూరు కలప అడితి నుంచి వచ్చిన బిల్లుడు ముక్క నా దగ్గర ఒకటి ఉంది. నల్లమల చెట్టు. పోగు సన్నం, బరువు నిండు. దానితో తీసిన మొదటి బంతి ఆమె చేతిలో పెట్టాను. ఒకసారి పైకి ఎగరేసి పట్టుకుంది, ఇక కింద పెట్టలేదు.

ఇక గంగాధరం గారు. "ఇంత చిన్నదా? వెనక కూర్చున్నవాళ్ళకి శనగగింజలా కనిపిస్తుంది."

దీనికి నా దగ్గర జవాబు ఉంది. రీడింగ్ రూములో వెలుగు గురించిన ఒక పుస్తకం చదివి ఉన్నాను. నలుపు మీద ఉన్న లేతరంగు వస్తువు, ఉన్నదానికన్నా పెద్దదిగా కంటికి తోస్తుంది. దీన్ని ఇంగ్లీషులో ఇర్రేడియేషన్ అంటారు. చెబితే ఆయన నమ్మలేదు. తెల్లకాగితం, నల్లకాగితం ఒకే కొలతకు గుండ్రంగా కత్తిరించాను. తెల్లదాన్ని పలక మీద, నల్లదాన్ని సున్నం గోడ మీద అంటించి, కార్ఖానా ఆవరణ ఆ చివర పలకలు రుద్దుతున్న వాళ్ళను ఏది పెద్దదని అడిగాను.

"తెల్లదే పెద్దది, అదిగూడా అడగాల్నా?" అని కేక వచ్చింది.

గంగాధరం గారు స్వయంగా నడిచి వెళ్ళి ఆ చివర నుంచి చూసి వచ్చారు. "డేరాలో నల్లతెర ఉంది," అన్నారు మెల్లగా. ఆయన ఒప్పుకున్నారనడానికి అదే గుర్తు.

సాయంత్రం డేరాలోని గ్యాసు లైటు తెప్పించి రంగులు చూశాం. ఆ వెలుగులో ఎరుపు మట్టిరంగులోకి దిగిపోయింది. పసుపు నిలిచింది. తిరుగుతున్న బంతికి పసుపు లక్క పట్టించి, మొగలి ఆకుతో రుద్ది అద్దంలా మెరిపించాను. మా వృత్తిలో మెరుపే మర్యాద. తీరా ఆమె నాలుగు బంతులూ వేళ్ళ మధ్య పట్టేసరికి రెండు నేలమీద పడ్డాయి. మెరుపు జారుతోంది. పైగా లైటు వెలుగు దానిమీద ఒక చుక్కలా పడి, గుండ్రదనం కనిపించడం లేదు.

ఏంచేయాలో తోచక తలెత్తితే ఎదురుగా పలకల కార్ఖానా. అక్కడ రుద్దుడు పని చేసే మస్తాన్‌ను అడిగి మెత్తటి పలకపొడి తెచ్చాను. తడిగుడ్డ మీద వేసి, తిరుగుతున్న బంతికి ఆనించాను. మెరుపు పోయి, రంగు నిండుగా మిగిలింది. పట్టుకుంటే కోడిగుడ్డు పెంకులా చేతికి ఆనుకుంది. సుందరమ్మ నాలుగూ వేళ్ళ సందుల్లో నిలిపి చెయ్యి తిప్పింది. ఒక్కటీ కదల్లేదు. రంగమ్మ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. అంతా సిద్ధమైందనే అనుకున్నాం.

శనివారం డేరా నిండింది. ముందు చాపల మీద ఆడవాళ్ళు, వెనక బల్లల మీద మగవాళ్ళు. మొదటి బంతి పుట్టింది. రెండోది పుట్టింది. మూడోది రాగానే ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. తర్లుపాడు నుంచి వచ్చిన నాగమ్మది.

"అవి నిమ్మకాయలు గావటే? ఆడమనిషి చేతిలో ఒట్టిగా నిమ్మకాయలు పుట్టేదేంది? ఇది గారడీ గాదు, ఇంకేందో. లేయండే, పోదాం."

పక్కనున్నవాళ్ళు పిల్లల్ని చంకన వేసుకొని లేచారు. నిమ్మకాయలు మన వైపు చేతబడికి వాడతారని తెలిసీ, కొలతా బరువూ వెలుగూ ఆలోచించిన మాలో ఒక్కరికీ ఇది తట్టలేదు. సాహెబు డేరా వాకిట్లో నిలబడి లేచి వస్తున్న వాళ్ళను చూస్తున్నాడు. తెర పక్కనున్న గంగాధరం గారు ఆపేయమని ఎడమచేత్తో సైగ చేశారు.

సుందరమ్మ ఆ సైగ చూడనట్టే వేదిక అంచుకు వచ్చింది.

"పెద్దమ్మా, పట్టుకో," అని ఒక బంతి నాగమ్మ ఒళ్ళోకి విసిరింది. "పిండి చూడు. రసం కారితే ఇంటికి పట్టుకెళ్ళి ఊరగాయ పెట్టుకో."

వెనక బల్లలు నవ్వాయి. నాగమ్మ భయపడుతూనే వేలితో పొడిచింది. పట్టుకొని నొక్కింది. వాసన చూసింది. డేరా గుంజకేసి టక్కుమని కొట్టింది.

"కొయ్యేనే," అంది. "మంచి బరువుగల్ల కొయ్య. కూకోండి, కూకోండి."

లేచినవాళ్ళు కూర్చున్నారు. సుందరమ్మ బంతి వెనక్కి అడిగి తీసుకుంది. నాగమ్మ కళ్ళెదుటే దాన్ని గుప్పిట్లో పెట్టి, ఊది, చెయ్యి తెరిచింది. లేదు.

"ఇప్పుడే నా చేతిలో ఉండె గదే, ఏడికి పోయె?" అని నాగమ్మ తన ఒళ్ళంతా తడుముకుంటుంటే డేరా అంతా ఈలలు. కొయ్య అని, బరువని ఆమె నోటనే అందరూ విన్నారు కనుక, అది మాయమవడం మరింత పెద్ద వింత అయింది. చివర నాలుగు బంతులూ వేళ్ళ సందుల్లో నిలిపి సుందరమ్మ చెయ్యెత్తినప్పుడు వెనక బల్లలవాళ్ళు లెక్క పైకి చదివారు.

ఆట అయ్యాక సాహెబు తెర వెనక్కి వచ్చాడు. సుందరమ్మ చేతుల వంక, గంగాధరం గారి కట్టు వంక చూశాడు.

"మాస్టరుగారూ," అన్నాడు, "మీ చెయ్యి నిదానంగా బాగుకానీయండి. తొందరేంలేదు."

అందరికన్నా ముందు గంగాధరం గారే నవ్వారు. కంభంలోనూ గిద్దలూరులోనూ ముందు వరసలో ఒక పెద్దావిడను చూసి బంతి విసరడం ఆటలో భాగమైపోయిందని తర్వాత విన్నాను.

ఆ పని నాకు నేర్పింది ఇది. కొలత చేతి నుంచి తీసుకోవాలి, రంగు వెలుగు నుంచి తీసుకోవాలి. ఈ రెండూ పుస్తకంతో, పరీక్షతో తేలతాయి. ఎదుట కూర్చున్నవాళ్ళు ఆ వస్తువును చూసి ఏమనుకుంటారో మాత్రం వాళ్ళ చేతిలో పెట్టినప్పుడే తెలుస్తుంది. అడిగినవాళ్ళ చేతిలో ధైర్యంగా పెట్టగలిగేదే సరైన బంతి. ఆ తర్వాత ఏది చేసినా, చివరి ఉలి పట్టేముందు ముక్కు మొహం తెలియని వాళ్ళ చేతికిచ్చి ఏమంటారో వినడం అలవాటు చేసుకున్నాను.

వెలుగు గురించిన పుస్తకం ఇంటికి కూడా ఇచ్చిన రీడింగ్ రూము వెంకటసుబ్బయ్య గారికి, పలకపొడి జల్లించి ఇచ్చిన మస్తాన్‌కు, బిల్లుడు ముక్క పంపిన గిద్దలూరు అడితి కాశయ్యకు, తన మాట మీద నిలబడిన హుసేన్ సాహెబుకు, తన పేరున్న ఆటను భార్యకు వదిలిపెట్టిన గంగాధరం గారికి, డేరాలో అందరి తరఫునా బంతిని గుంజకేసి కొట్టిన నాగమ్మకు, ఆ సైగ చూడనట్టు నటించిన సుందరమ్మకు, తమలపాకులు తెచ్చిన మా రంగమ్మకు నా కృతజ్ఞతలు.