మార్చిలో నాటిన మొక్కలు

ఎండకు నెర్రెలిచ్చిన నల్లరేగడి మీద ట్యాంకరు నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది. తెలియనివాళ్ళు దాన్ని వాన వాసన అనుకుంటారు. వాన వాసనలో చల్లదనం ఉంటుంది. ఇది కాలిన పెనం మీద నీళ్ళు చల్లినప్పుడు లేచే ఆవిరి, అందులో ట్యాంకరు తుప్పు కలిసిన వాసన. ఈ మార్చిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే రోడ్డు పక్కన, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ వాసన పీల్చాను. అప్పుడు నాకు మార్తక్క గుర్తుకు వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె పేరు ఎదురుగా బోర్డు మీదే ఉంది: ‘మార్తమ్మ స్మృతి వనం’. పక్కన ఆమె ఫొటో, కింద కంపెనీ గుర్తు. ఆమె పేరు కంటే ఆ గుర్తే పెద్దది. నాకు గుర్తుకు వచ్చింది ఆమె కాదు, ఆమె కోపం. పోయిన వానకాలంలో ఆమెను మట్టిలో పెట్టినప్పుడు కూడా నాకు ఇంత ఒళ్ళు మండలేదు.

మార్తక్కను చూడనివాళ్ళ కోసం కొంత చెప్పాలి. కోడుమూరు పక్క పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం ఆమెది. మా పడమటి మండలాల్లో ఇక్కడి పంట పనులు అయిపోగానే మిరపకాయలు కోయడానికి జనం కుటుంబాలతో గుంటూరు వైపు పోతారు. దాన్ని సుగ్గికి పోవడం అంటాం. మార్తక్క అమ్మానాన్నలు ఏటా సుగ్గికి పోయేవాళ్ళు. హాస్టల్లో సీటు దొరికింది కాబట్టి ఆమె చదువుకోగలిగింది. ఎం.ఏ. అయ్యాక ఆదోనిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ పెట్టింది. మనిషి పొడుగు, గొంతు పెద్దది, ఓపిక తక్కువ. టీ ఆలస్యమైతే హోటలువాణ్ణి తిట్టేది, తాగాక బాగుందని పొగిడేది. నేను మంత్రాలయం దగ్గరి పంతుళ్ళ ఇంటివాణ్ణి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం కోసం ఆమె ఆఫీసుకు వెళ్తే, నా కాగితాలు చూడకుండానే అడిగింది: “పుస్తకాలు బాగా సదువుతావంట. మంచిదే. బస్సులో నిలబడి పోయేది వస్తాదా సామీ?” ఆ ‘సామీ’ అనే పిలుపులో సగం మర్యాద, సగం ఎగతాళి ఉండేవి. ఆ తర్వాత ఆమె నన్ను వేరే పేరుతో పిలవలేదు.

మా సంస్థకు ఒక ఫైనాన్సు కంపెనీ డబ్బు ఇచ్చేది. లాభాల్లో కొంత సమాజానికి ఖర్చు పెట్టాలని చట్టం ఉంది కదా, ఆ డబ్బు. దానికి వాళ్ళు రెండు పద్దులు పెట్టారు. ఒకటి పర్యావరణ పరిరక్షణ, రెండోది ఆర్థిక అక్షరాస్యత. అంటే మొక్కలు నాటడం, ఆడవాళ్ళకు పొదుపు పాఠాలు చెప్పడం. పాఠాల పోస్టర్లు హైదరాబాదు నుంచే అచ్చయి వచ్చేవి. హాలహర్వి వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో నా మొదటి పాఠం. పోస్టరు గోడకు తగిలించి చదివాను: నెలాఖరున మిగిలిన డబ్బులో కొంత దాచుకోండి. ముందు వరసలో కూర్చున్న ఉరుకుందమ్మ, అప్పటికి ముప్పై దాటని మనిషి, చెయ్యెత్తింది.

“మాకు నెల యాడుంది సామీ? పని ఉన్న దినం ఉంటాది, లేని దినం ఉంటాది. ఆఖరు యాడొస్తాది?”

అందరూ నవ్వారు. నేను తడబడి రెండో పోస్టరు తగిలించాను: అవసరం లేని అప్పు చేయకండి. ఈసారి ఉరుకుందమ్మ లేచి దగ్గరికి వచ్చి చూసింది. “ఈ గుర్తు నేను సూసినానే! మంగళారం మంగళారం కంతు వసూలుకు వస్తాడు సూడు, ఆ పిల్లోని సంచి మీద గూడా ఇదే ఉంది.” ఆ గదిలో నవ్వు చాలాసేపు ఆగలేదు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మార్తక్క కూడా పడీ పడీ నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. అప్పటికి ఆమె ముఖంలో నవ్వు లేదు. “పొద్దున అప్పు ఇయ్యల్ల, మాపున అప్పు చేయొద్దని మనతోన సెప్పించల్ల. సిగ్గుండల్ల సామీ, సిగ్గు. వాళ్ళకు పొదుపు రాదనా? నూనె చుక్క చుక్క లెక్కబెట్టి పోసుకునేటోళ్ళు వాళ్ళు. వాళ్ళకు రానిది ఒగటే. మేస్త్రీ ఎదురుగా నిలబడి కూలి అడిగేది రాదు.”

మరుసటి వారం పోస్టర్లు చుట్టి మూలన పెట్టింది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, తలకు నా తువ్వాలు చుట్టుకుని, తానే మేస్త్రీ అయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి కూలి అడగాలి. సుగ్గికి తీసుకుపోయే మేస్త్రీ ముందుగా చేతిలో కొంత పెడతాడు. మిగతాది పని అయ్యాక చూద్దాం అంటాడు. ఆ ‘చూద్దాం’ దగ్గరే అందరూ దెబ్బతినేది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే తప్పు చేశారు. అడగబోతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. మార్తక్క తువ్వాలు తీసి విసిరికొట్టింది.

“ఏంటికే నవ్వేది? నువ్వు నవ్వితే వాడేమనుకుంటాడు? ఇయ్యకపోయినా ఈమె ఏమనుకోదులే అనుకుంటాడు. కూలి అడిగేటప్పుడు నవ్వొద్దు. ఏడ్సొద్దు. అడుగు, అట్లనే నిలబడు.”

“మేస్త్రీకి నీ అంత పొడుగు లేదక్కా, నిన్ను సూస్తే నవ్వొస్తాంది,” అంది ఉరుకుందమ్మ. మళ్ళీ నవ్వులు. కానీ ఆ రోజు అందరికంటే చివరగా ఇంటికి పోయింది ఉరుకుందమ్మే. నవ్వకుండా అడగడం వచ్చేదాకా ఆమె కదల్లేదు. ఆర్థిక విద్య అనే మాట పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివాను. దాని అర్థం తెలిసింది మాత్రం ఆ గదిలో.

మొక్కల సంగతి ఇంతకంటే ఘోరం. కంపెనీ లెక్కలు మార్చితో ముగుస్తాయి. డబ్బు మాకు చేరేది జనవరి దాటాక. అంటే మార్చిలోగా మొక్కలు నాటాలి, ఫొటోలు పంపాలి. మార్చిలో మా వైపు మొక్క నాటడమంటే ఏమిటో ఇక్కడి చిన్న పిల్లలకు కూడా తెలుసు. పైగా ఆ నెలలో ఊళ్ళో ఎవరుంటారు? స్థలం చూడడానికి మేమిద్దరం ఉరుకుందమ్మ ఊరికి వెళ్ళాం. వీధి పొడుగునా తలుపులకు తాళాలు. అరుగుల మీద ముసలివాళ్ళు, వాళ్ళ ఒళ్ళో చంటిపిల్లలు. ఊరి బయట బీడు నేలలో పోయిన ఏడు వేరే సంస్థ ఏదో తవ్వించిన గుంతలు అలాగే ఉన్నాయి. మార్తక్క ఒక గుంతలో చెయ్యి పెట్టి, ఎండిన పుల్లను పైకి లాగింది. దాని వేళ్ళ చుట్టూ నర్సరీవాళ్ళ నల్ల ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది. కవరు చింపకుండానే మట్టి కప్పేశారు.

“మల్లా ఈ గుంతల్లోనే నాటమంటాండారు,” అంది. “కంపెనీకి పొదుపు బాగా వచ్చు సామీ.”

ఆమె దగ్గర ఒక ఆలోచన ఉండేది. ముంగారు వానలు, అంటే తొలి వానలు పడ్డాకే నాటాలి. మొక్కల సంఖ్య తగ్గించాలి. మిగిలిన డబ్బుతో చలికాలం నుంచి ఎండాకాలం చివరిదాకా నీళ్ళు పోసేవాళ్ళకు రోజు కూలి ఇవ్వాలి. అవి సుగ్గి నెలలే. కూలి ఊళ్ళోనే దొరికితే కొన్ని కుటుంబాలు తలుపుకు తాళం వేయనక్కర్లేదు. ఉరుకుందమ్మ కూతురు లక్ష్మి అప్పుడు ఎనిమిదో తరగతి. అమ్మ ఆగితే బడి ఆగదు. కంపెనీ మనిషి ఫోన్లో ‘చూద్దాం మేడం’ అన్నాడు. ఆ మాటను నమ్మి మార్తక్క ఉరుకుందమ్మకు మాట ఇచ్చింది. ‘చూద్దాం’ అనే మాటను ఎలా వినాలో ఊరందరికీ నేర్పిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి దాన్ని నమ్మింది.

ఆ కంపెనీ మనిషి ఫిబ్రవరి చివర ఆదోని వచ్చాడు. మర్యాదస్తుడు. మా ఆఫీసులో కూర్చుని, మార్తక్క చెప్పిందంతా తలాడిస్తూ విన్నాడు. తర్వాత చెప్పాడు: “ఆలోచన చాలా బాగుంది మేడం. కానీ కూలి కనపడదు కదా. మొక్క అయితే కనపడుతుంది.”

“చచ్చిన మొక్క గూడా కనపడదు సార్.”

“అప్పటికి మా రిపోర్టు వెళ్ళిపోయి ఉంటుంది మేడం.”

ఈ మాట అతను నవ్వుతూ, ఏ కల్మషమూ లేకుండా చెప్పాడు. ఇన్నేళ్ళయినా నన్ను కాల్చేది ఆ కల్మషం లేకపోవడమే. దొంగ అయితే చుట్టూ చూసుకుంటాడు. ఇతను చూసుకోలేదు. కొనసాగే పనికి డబ్బు పక్కన పెట్టుకునే వీలు చట్టంలోనే ఉందని మార్తక్క గుర్తు చేసింది. “ఉంది మేడం, తెలుసు. ఈ ఏడాదికి ఫొటోలు కావాలి, అంతే,” అన్నాడు. ఆమె ప్రతి మీటింగులోనూ మొదట అడిగే ప్రశ్నే మళ్ళీ అడిగింది: “నీళ్ళెవరు పోస్తారు సార్?” అతను టీ గ్లాసు కింద పెట్టి, వాచీ చూసుకుని లేచాడు.

మార్తక్క మార్చిలో నాటనని రాసి ఇచ్చింది. కంపెనీ ఆ పనిని వేరే సంస్థకు ఇచ్చింది. వాళ్ళు ఆదోని నుంచి లారీలో మనుషుల్ని తెచ్చి, ఆ పాత గుంతల్లోనే నాటించి, ఫొటోలు తీసుకుని పోయారు. మే నెలకు అక్కడ పుల్లలు మిగిలాయి. మా ఆఫీసుకు అద్దె కట్టలేక మూసేశాం. నేను ఎమ్మిగనూరులో ఒక కాలేజీ లైబ్రరీలో చేరాను. ఆ చలికాలం ఉరుకుందమ్మ తలుపుకు తాళం వేసింది. వాళ్ళు లారీ ఎక్కే రోజు మార్తక్క నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి పోయింది. బియ్యం మూటల మీద లక్ష్మి కూర్చుని ఉంది. బడి సంచిలో ఇప్పుడు గిన్నెలు. మార్తక్క నోరు తెరవకముందే ఉరుకుందమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “నువ్వేం జేస్తావులే అక్కా. మాట ఇచ్చినావు, అది సాలు.”

లారీ పోయాక మార్తక్క రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. “తిట్టింటే బాగుండు సామీ,” అంది. ఎవరినైనా తిట్టగలిగిన మనిషి, తనను తిట్టేవాళ్ళు లేక అలా కూర్చోవడం నేను ఆ ఒక్కసారే చూశాను.

ఆ తర్వాత ఏ కంపెనీ డబ్బూ లేకుండానే ఆమె తన పని సాగించింది. సుగ్గి లారీలు బయలుదేరే చోటికి పోయి, ఎక్కబోయే ఆడవాళ్ళతో అక్కడే నిలబడి కూలి అడిగించేది. డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు. ఒంట్లో జబ్బు ముదిరి కర్నూలు ఆసుపత్రికి చేరేదాకా అది మానలేదు. ఆమె బతికి ఉండగా కంపెనీ ఆమెను ఒక్కసారి కూడా తిరిగి పిలవలేదు. చనిపోయాక పిలిచింది. చనిపోయినవాళ్ళు నీళ్ళెవరు పోస్తారని అడగరు కదా.

ఈ మార్చిలో షామియానా కింద ఉన్న కంపెనీ మనిషి వేరే. చిన్నవాడు. “సార్, మేడం గురించి రెండు ముక్కలు, కొంచెం పాజిటివ్‌గా,” అని మైకు నా చేతికిచ్చాడు. నాకు నలుగురిలో మాట్లాడడం చేతకాదు. “మార్తమ్మ గారు ప్రతి మీటింగులో ఒక ప్రశ్న అడిగేవారు. ఇక్కడ ఉంటే ఇప్పుడూ అడిగేవారు. ఈ మొక్కలకు నీళ్ళెవరు పోస్తారు?” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మంచి మాట చెప్పానని అనుకున్నారు. నాకు శాలువా కప్పారు.

ఫొటోలు అయ్యాక కార్లు కదిలాయి. షామియానా నీడలో నాటకుండా మిగిలిన మొక్కలు ఉన్నాయి. వేప, కానుగ. నేను ఒక ఆటోను ఆపి, పట్టినన్ని ఎక్కించడం మొదలుపెట్టాను. ఆ చిన్నవాడు పరుగెత్తుకొచ్చాడు. “సార్, సార్, లెక్క తక్కువవుతుంది!”

“నాటినట్టే రాసుకో నాయనా. మీకు అలవాటే కదా.”

రాసుకునే ఉంటాడు.

ఆ మొక్కలు ఇప్పుడు మా పెరట్లో బట్టలుతికే బండ పక్క నీడలో ఉన్నాయి. సాయంత్రం లైబ్రరీ నుంచి రాగానే నీళ్ళు పోస్తున్నాను. తెచ్చిన రోజే ఉరుకుందమ్మకు ఫోన్ చేశాను. మిరప చేలో ఉంది. ఘాటుకు దగ్గుతూ మాట్లాడింది. లక్ష్మి కూడా పక్క సాలులోనే కోస్తోందట. మార్తక్క పేరుతో బోర్డు పెట్టి మొక్కలు నాటారని చెప్తే, “ఎండల్లోనా?” అంది. ముంగారు వాన పడ్డాక ఈ మొక్కలు మీ ఊరి బీట్లో నాటుదామని చెప్పాను.

“నాటేది సరే. నీళ్ళెవురు పోస్తారు సామీ?”

“నువ్వు పోస్తావా? కూలి నేనిస్తా.”

“సుగ్గి దినాలంతా ఇస్తావా, ఫొటో దిగినంక ఆపేస్తావా?”

“అంతా ఇస్తా.”

“అయితే ఇప్పుడే సెప్పు. దినానికి ఎంత?”

చెప్పాను. చాలదంది. అక్కడ మిరప చేలో వచ్చేదెంతో చెప్పి, ఊళ్ళో ఉంటే మిగిలేదెంతో చెప్పి, తాను అడిగేది చెప్పింది. చెప్పి ఊరుకుంది. నేను జవాబిచ్చేదాకా ఇంకొక్క మాట మాట్లాడలేదు. వెనక ఎవరో, లక్ష్మే కావచ్చు, కిలకిలా నవ్వడం వినపడుతోంది. ఉరుకుందమ్మ నవ్వలేదు.