ఒకే పేరు, మూడు బండ్లు

మా అత్తగారింటికి ఇప్పటివరకూ మూడు కార్లు వచ్చాయి. మూడింటి కంపెనీ ఒకటే, డిక్కీ మీద రాసి ఉండే పేరూ ఒకటే. మామయ్యగారికి నరసరావుపేటలో బట్టల కొట్టు ఉంది. ఒకసారి నప్పిన సరుకును ఆయన మార్చరు. చొక్కా గుడ్డ దగ్గర్నుంచి కాఫీ పొడి దాకా అంతే. అందుకే బండి పాతబడినప్పుడల్లా అదే పేరుతో కొత్తది తెచ్చేవారు. పేరు అదే అయినా బండి మాత్రం అది కాదన్న సంగతి ఆయనకు ప్రతిసారీ కాస్త ఆలస్యంగా తెలిసేది.

మొదటిది నా పెళ్లికి ముందే కొన్నారు. బొల్లాపల్లి దగ్గర మామయ్యగారికి కొంచెం మెట్ట పొలం ఉంది. అంతకుముందున్న చిన్న కారు ఆ దారిలో రాళ్లకు అడుగు గీసుకునేదట. “జీపంత ఎత్తుండాల, కారంత మెత్తగుండాల” అని షోరూములో అడిగారట. ఆ రెండూ కలిసిన బండ్లు అప్పుడప్పుడే మన ఊళ్ల వైపు వస్తున్నాయి. పెళ్లయ్యాక సత్తెనపల్లి నుంచి నేను ఈ ఇంటికి వచ్చింది అందులోనే. పెద్ద ముక్కు, నలుచదరపు వీపు, డోరు వేస్తే బీరువా మూసినంత చప్పుడు. డీజిల్ ఇంజను మోత వీధి మొదట్లోనే వినపడేది. అది వినగానే అత్తయ్య కాఫీకి నీళ్లు పెట్టేవారు.

అత్తయ్య మనిషి పొట్టి. ఆ బండి ఎక్కాలంటే డిక్కీలోంచి చెక్కపీట తీసి కింద వేయాల్సిందే. ఎక్కి వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చునేవారు. ఏసీ గాలి ముందు వాళ్లకు సరిపోయి, మిగిలితే వెనక్కి వచ్చేది. పిడుగురాళ్ల దాటకుండానే ఆవిడకు కడుపులో తిప్పేది. నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్లు మూసుకుని, ఎక్కడికైనా అలాగే వెళ్లి అలాగే వచ్చేవారు. స్టీరింగు మామయ్యగారిదే. మా ఆయనకు కూడా ఎప్పుడో ఒకసారి తప్ప ఇచ్చేవారు కాదు.

“బండి ఒక చెయ్యి మీదుండాల. పది చేతులు పడితే పాడైపోద్ది” అనేవారు.

పిల్లలిద్దరూ పుట్టి కాస్త ఎదిగాక రెండో బండి వచ్చింది. తెల్లారి ఇంటి ముందు నిలబెట్టిన బండి చుట్టూ మామయ్యగారు కండువా భుజాన వేసుకుని రెండు మూడు చుట్లు తిరిగారు. పెద్ద ముక్కు పోయింది. లైట్లు రెండు ముక్కలై, సన్నవి పైన, లావుపాటివి కింద బంపర్లోకి దిగాయి. వీపు గుండ్రంగా వాలింది. లోపల తిప్పే మీటలు పోయి, మధ్యలో టీవీలాంటి తెర వచ్చింది. తాళం కూడా పెట్టక్కర్లేదు, జేబులో ఉంటే చాలు, మీట నొక్కితే స్టార్టవుతుంది.

“ఇది మన బండేనంట్రా?” అని మా ఆయన్ని అడిగారు.

“అదే నాన్నా. పేరు చూడు.”

“పేరు చూశాలే. మొకమే తెలవటంలా.”

అత్తయ్యకు మాత్రం ఒకే ఒక్క అనుమానం వచ్చింది. మా ఆయన మీట నొక్కి పైకప్పు తెరిచి చూపించినప్పుడు ఆవిడ నోరు వెళ్లబెట్టి ఆకాశంలోకి చూసి, “ఈ ఎండల దేశంలో కప్పుకి కన్నమెందుకురా?” అన్నారు. ఆ వేసవిలో మాచర్ల వెళ్తూ పిల్లల గోల పడలేక దాన్ని ఒకసారి తెరిచాం. రెంటచింతల ఎండ, ముందు పోతున్న లారీ దుమ్ము కలిసి లోపలికి దిగాయి. పిల్లలే ముందుగా “మూసెయ్ నాన్నా” అన్నారు. తర్వాత అది వాన పడ్డప్పుడు చినుకులు చూడటానికి పనికొచ్చింది.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ రెండో బండి మీదే. నేను పనిచేసే స్కూలు ఊరి చివర ఉంది, పిల్లలదీ అదే స్కూలు. ఆటో వాడు రోజుకొక వేళకు వచ్చేవాడు. డ్రైవింగ్ స్కూల్లో చేరతానంటే మామయ్యగారు పేపరు చదువుతూనే, “నేర్చుకోమ్మా, నేర్చుకుంటే తప్పేముంది” అన్నారు. నేర్చుకోవటం వేరు, మన బండి తీయటం వేరు అని ఆయన ఉద్దేశం. కానీ ఆయనకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. క్లచ్ తొక్కీ తొక్కీ సాయంత్రానికి ఎడమ మోకాలు వాచేది. అలా మెల్లగా బండి నా చేతికి వచ్చింది.

మొదట్లో స్టేషన్ రోడ్డులో ఎన్నిసార్లు ఆగిపోయిందో చెప్పలేను. క్లచ్ వదలటం ఒక్క క్షణం తేడా వచ్చిందంటే బండి ఎగిరి పడి చచ్చినట్టు ఆగేది. వెనక నుంచి హారన్లు. ధైర్యానికి అత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. అలా ఒకరోజు ఇద్దరం సత్తెనపల్లిలో మా అమ్మవాళ్లింటికి వెళ్లాం. బండి దిగాక ఆవిడే ఆశ్చర్యపోయారు.

“ఏమే అమ్మాయ్, నాకివాళ కడుపులో తిప్పలా!”

ముందు సీట్లో కూర్చుంటే ఆవిడకు ఏమీ కాదు. ఇన్నేళ్లూ వెనక కూర్చోబెట్టి చేతికి నిమ్మకాయ ఇచ్చాం, అంతే. ఆ రోజు నుంచీ ఆవిడ దారి చూడటం మొదలుపెట్టారు. ఎవడు ఇండికేటర్ వేయకుండా తిరిగాడో, ఎవడు ఎక్కడ ఓవర్‌టేక్ చేశాడో ఇంటికొచ్చి మామయ్యగారికి చెప్పేవారు.

మూడో బండి కిందటేడు వచ్చింది. మామయ్యగారి మోకాలి కోసమే మా ఆయన క్లచ్ లేనిది తీసుకున్నాడు. మళ్లీ ముఖం మారింది. ఈ చెంప నుంచి ఆ చెంప దాకా గీత గీసినట్టు ఒకటే లైటు. లోపల స్టీరింగు ముందున్న మీటర్లూ మధ్యలో తెరా కలిసి ఒకే పొడుగు తెరైపోయాయి. సీట్లకు కన్నాలు, అందులోంచి చల్లగాలి. ముందు వెళ్లే బండికి మరీ దగ్గరగా పోతే కూత, రోడ్డు మీద తెల్లగీత దాటితే కూత, అవసరమైతే తనంతట తనే బ్రేకు. స్టార్టయినా మోత లేదు. వీధి మొదట్లో ఉండగా కాదు గదా, గేటు ముందుకు వచ్చినా ఇంట్లో వాళ్లకు తెలియదు.

మామయ్యగారు కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, అందరినీ ఎక్కించుకుని బయల్దేరారు. వినుకొండ రోడ్డెక్కేదాకా బాగానే ఉంది. ఒక గేదె అడ్డం వచ్చింది. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ ఆయన ఎడమ కాలు క్లచ్ కోసం వెళ్లింది. అక్కడ క్లచ్ లేదు, వెడల్పాటి బ్రేకు ఉంది. బలమంతా పెట్టి తొక్కారు. బండి ఉన్నచోట కుదేసినట్టు ఆగింది. ముందు సీట్లో అత్తయ్య ఒళ్లో ఉన్న మిఠాయి డబ్బా డాష్‌బోర్డుకు తగిలి లడ్లు ఆయన పాదాల దగ్గరికి దొర్లాయి. గేదె మాత్రం తన దారిన తను పోయింది.

“ఎడం కాలికి పనేంది మరి దీంట్లో?” అని అడిగారు ఆయన.

“ఏం లేదు నాన్నా. మడిచి పెట్టుకో.”

“మడిచి పెట్టుకుంటే అది బండి నడపటం ఎట్టయిద్దిరా?”

తర్వాత హైవే మీద ఒకరోజు గీత దాటబోతుంటే స్టీరింగు మెల్లగా తనే పక్కకు తిరిగింది. ఆయన దాన్ని అటు లాగారు, అది ఇటు లాగింది. “నా చేతిలోంచి లాక్కుంటంది! ఎవరిదిరా ఈ బండి, నాదా దానిదా?” అని పక్కకు తీసి ఆపేశారు. ఆ సదుపాయం తీసేయవచ్చని మా ఆయన చెప్పినా వినలేదు. కొట్టుకు స్కూటీ మీద వెళ్లటం మొదలుపెట్టారు. తను అంత ఇష్టంగా కొబ్బరికాయ కొట్టించిన బండికి కవరు తొడిగి వెళ్తుంటే నాకే బాధనిపించేది.

వేసవి సెలవుల్లో ఒక ఉదయం నేను మొక్కలకు నీళ్లు పోస్తుంటే అత్తయ్య వచ్చి నిలబడ్డారు.

“అమ్మాయ్, దీనికి క్లచ్ లేదంటగా?”

“లేదత్తయ్యా.”

“గేర్లు మార్చే పని లేదంటగా?”

“లేదు.”

“మరి నాకు నేర్పు.”

ఆవిడ నవ్వటం లేదు. నేను గొట్టం కింద పడేసి కుళాయి కట్టేశాను.

ముందు లెర్నర్ లైసెన్సు తీయించాను. దానికి రోడ్డు గుర్తులన్నీ నా ఫోన్లో చూసి నేర్చుకున్నారు. ఊరి బయట ఒక వెంచర్ ఉంది. రోడ్లు వేశారు, హద్దురాళ్లు పాతారు, ఇళ్లు మాత్రం రాలేదు. పొద్దున్నే వాకింగ్ అని చెప్పి ఇద్దరం అక్కడికి వెళ్లేవాళ్లం. బండి తీసుకుని వాకింగ్ ఏమిటని మామయ్యగారు అడగలేదు. ఊళ్లో నడవటానికి చోటు లేదు కదా అనుకున్నట్టున్నారు.

డ్రైవరు సీటు పక్కన మీట నొక్కితే సీటు పైకి లేస్తుంది. ఆవిడకు తగినంత ఎత్తుకు లేపి ముందుకు జరిపాను. కాళ్లు అందాయి. ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టారు.

“మొదటి బండొచ్చినప్పుడు ఒకరోజు ఇంట్లో ఎవరూ లేరు. ఊరికే ఈ సీట్లో ఎక్కి కూచ్చున్నా. కాలందలా. ముందు రోడ్డు గూడా కనపళ్లా, స్టీరింగే కనపడింది. దిగిపోయా” అన్నారు. తర్వాత, “పోనీలే, ఇప్పుడేం చెయ్యాల చెప్పు” అన్నారు.

నేను భయపడినంత ఏమీ జరగలేదు. ఆవిడ నిదానంగా నడిపేవారు. వెనక్కి తీయటం నాకంటే త్వరగా వచ్చింది. తెర మీద వెనక కెమెరా బొమ్మ, పచ్చగీతలు కనపడుతుంటే సీరియల్ చూసినంత శ్రద్ధగా చూసేవారు. బండి కూత పెడితే, “ఆగవే, చూస్తన్నా” అని దానికి సమాధానం చెప్పేవారు. ఒకసారి హద్దురాయికి రుద్దబోతుంటే అదే ఆగిపోయింది. “మంచిదేనే ఇది, మామయ్యకి చెప్పబాక” అన్నారు నాతో.

మామయ్యగారికి చెప్పింది మా వీధి చివర షెడ్డున్న మెకానిక్ భాయ్. మొదటి రెండు బండ్లకూ ఆయనే పని చేసేవాడు. వెంచర్లో ఎవరిదో ట్రాక్టరు ఆగిపోతే చూడ్డానికి వచ్చి మమ్మల్ని చూశాడు. సాయంత్రం కొట్టు దగ్గర, “షావుకారుగారూ, అమ్మగారు రివర్సు భలే తీస్తన్నారే!” అని మెచ్చుకున్నాడట, ఈయనకు తెలుసనుకుని.

ఆ పూట అన్నం దగ్గర మామయ్యగారు పప్పూ కూరా వరసగా కానిచ్చారు. మజ్జిగ దాకా వచ్చాక అన్నారు.

“వాకింగు ఎట్టా జరగతంది?”

“బాగానే జరగతంది. లైసెన్సు టెస్టు వచ్చే వారం” అన్నారు అత్తయ్య, ఆయనకు మజ్జిగ వడ్డిస్తూ.

టెస్టు మొదటిసారి పోయింది. మలుపులో ఒక కోను పడిపోయింది. ఇంటికొచ్చి మంచమెక్కేస్తారేమో అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పాత బకెట్లు నాలుగు డిక్కీలో వేయించుకుని వెంచర్‌కి వచ్చారు, కోన్ల బదులు పెట్టటానికి. రెండోసారి ప్యాసయ్యారు.

తర్వాత కొన్నాళ్లకు మాచర్లలో అత్తయ్య చెల్లెలి కూతురికి సీమంతం వచ్చింది. పెళ్లిళ్ల సీజను, మా ఆయన కొట్టు వదిలి రాలేడు. మామయ్యగారు బస్సులో పోదామన్నారు. అత్తయ్య బండి తాళం తీసుకుని గుమ్మంలో నిలబడి, “వస్తారా, నేనూ పిల్లలూ కోడలూ పోవాలా?” అన్నారు. ఆయన నా వైపు చూశారు. నేను పిల్లల్ని ఎక్కించి వెనక కూర్చున్నాను. ఆయన ముందు సీట్లో కూర్చుని, బెల్టు రెండుసార్లు లాగి చూసుకున్నారు.

పిడుగురాళ్ల దాకా ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. “లారీ”, “స్పీడు బ్రేకరు”, “ఆటో”, “నిదానం” అని ఒక్కొక్కటే చెప్తూ వచ్చారు. గురజాల దగ్గర మేకల మంద అడ్డం వచ్చింది. బండి కూత పెట్టింది, అత్తయ్య అప్పటికే ఆపుతున్నారు. ఎవరి ఒళ్లోదీ కింద పడలేదు. ఆఖరి మేక దాటేదాకా ఆగి, అప్పుడు ఆయన వైపు తిరిగి మెల్లగా అన్నారు:

“మీరు మాట్లాడతా ఉంటే నాకు దాని మాట వినపట్టంలా.”

ఆయన చేతులు కట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నారు. అద్దంలో అత్తయ్య కళ్లు నన్ను చూశాయి. నేను కిటికీలోంచి మిరపచేలు చూశాను.

మాచర్లలో ఆ ఇంటి ముందు బండి ఆగేసరికి ఆడవాళ్లంతా గుమ్మంలోకి వచ్చారు. అత్తయ్య దిగి చీర సర్దుకుంటుంటే, ఆవిడ చెల్లెలు నమ్మలేక బండి లోపలికి తొంగి చూసింది.

“బావా, డ్రైవరేడీ?”

“మీ అక్కేగా” అన్నారు మామయ్యగారు. అని ఊరుకోకుండా, “గురజాల కాడ మేకలొచ్చినయ్. నేనైతే అంత మెత్తగా ఆపేవాణ్ని కాదు” అన్నారు. ఆ మాట ఆయన ఆ రోజు మరో ఇద్దరికి కూడా చెప్పటం విన్నాను. అత్తయ్య వినలేదు. గాజులు తొడిగే గదిలో ఉన్నారు. నేను తర్వాత చెబితే ఒక్కసారి ముఖం ఎర్రబడి, “ఎవరెవరున్నారు అక్కడ?” అని అడిగారు.

తిరుగు ప్రయాణంలో బొబ్బట్లు తిని పిల్లలు వెంటనే నిద్రపోయారు. సీటులోంచి వచ్చే చల్లగాలికి మామయ్యగారి తల కూడా పక్కకు వాలింది. బండి రెంటచింతల దాటేసరికి సన్నగా గురక మొదలైంది. ఏ బండిలోనూ ఆయన నిద్రపోవటం నేనెప్పుడూ చూడలేదు. చూసే అవకాశం కూడా లేదు, ఆయన ఎక్కితే నడిపేది ఆయనే కదా.

అత్తయ్య పాటల వాల్యూమ్ తగ్గించి, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే అడిగారు.

“నిద్రపోయాడా?”

“పోయారత్తయ్యా.”

“బాగా?”

ముందుకు వంగి చూశాను. నోరు తెరిచి ఉంది.

“బాగా.”

“అయితే కొంచెం స్పీడు పెంచుతా” అన్నారు.