కెనడా ఆంటీ నా చేతికిచ్చిన కాగితం

నా చిన్నప్పుడు ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడని వేసవి ఒకటి వచ్చింది. కరోనా మొదటి ఏడాది. నాకు పదేళ్ళు. ఐర్లండులో నేవన్ ఊరి చివర, ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళ వరుసల్లో మాదొకటి. మా అమ్మ ఆసుపత్రిలో డాక్టరు. నాన్న మెట్ల కింద చిన్న బల్ల వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటరు ముందు మీటింగుల్లో ఉండేవాడు. బడి మూసేశారు. నన్ను కనిపెట్టుకుని కూర్చునే తీరిక ఎవరికీ లేక, మా సందు దాటకుండా ఎంతసేపైనా తిరగవచ్చని వదిలేశారు.

వయసు మళ్ళినవాళ్ళు గడప దాటకూడదని చెప్పిన రోజులవి. మా సందులో అలాంటివాళ్ళు ఇద్దరుండేవారు. మా ఎదురింట్లో ఒక కెనడా ఆవిడ, మూలింట్లో ఒక అమెరికా ఆయన. మా ఇంట్లో వాళ్ళను కెనడా ఆంటీ, అమెరికా అంకుల్ అనేవాళ్ళం. ఆవిడ భర్త ఊరని ఇక్కడికి వచ్చి, ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయింది. ఈయన భార్య ఊరని వచ్చి, ఆమె పోయాక ఉండిపోయాడు. ఇద్దరి కథా ఒకటే. కానీ ఆ సంగతి వాళ్ళతో అనే ధైర్యం సందులో ఎవరికీ లేదు.

ఆవిడ ఒకప్పుడు టీచరు. ఏ కోటు వేసుకున్నా దాని మీద కెనడా జెండాలో ఉండే ఎర్రటి మేపుల్ ఆకు బిళ్ళ ఉండేది. ఆవిడ నోరు విప్పగానే కొట్టువాడు, పోస్టుమాను, కొత్తగా వచ్చిన పాస్టరు, అందరూ అడిగేది ఒకటే, "అమెరికానా?" అని. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. నలభై ఏళ్ళుగా అదే ప్రశ్న. తమకూ వాళ్ళకూ తేడా ఏమిటో నాకు వేళ్ళు మడిచి పాఠంలా చెప్పేది. వాళ్ళు గట్టిగా మాట్లాడతారు, తాము మెల్లగా మాట్లాడతారు. వాళ్ళు ఇంట్లో తుపాకులు పెట్టుకుంటారు. తమ దేశంలో జబ్బు చేస్తే ఆసుపత్రి ఉచితం. తాము కాలు తగిలినా క్షమించమని అడుగుతారు, వాళ్ళు తొక్కేసి కూడా అడగరు. నేనవన్నీ కంఠస్థం చేశాను.

ఆయన మాత్రం మడత కుర్చీ ముందు తోటలో వేసుకుని, చలిలో కూడా నిక్కరుతో కూర్చుని, రేడియోలో బేస్‌బాల్ వింటూ, దారినపోయే ప్రతి ఒక్కరికీ చెయ్యి ఊపేవాడు. ఆవిడ గురించి ఎవరైనా అడిగితే, "ఆవిడా మావాళ్ళేగా, మా ఇంటి అటక మీద ఉంటారు వాళ్ళు," అని పెద్దగా నవ్వేవాడు. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు. కెనడా గురించి ఆయనకు తెలిసిందల్లా చలి అని మాత్రమే. ఆయనకు ఆవిడ దేశం ఏడాదికొకసారి గుర్తొచ్చేదేమో. ఆవిడకు మాత్రం ఆయన దేశం రోజూ గుర్తుండాల్సి వచ్చేది, తనది అది కాదని చెప్పుకోవడానికి. ఆ కోపం నాకు ఈ వయసులో బాగానే అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన ఆవిడ చేసిన పనిని నేను ఇప్పటికీ ఒప్పుకోలేను.

జూలైలో ఊళ్ళో ఒక మాట పాకింది. అమెరికా నుంచి సెలవులకు వస్తున్నవాళ్ళు పద్నాలుగు రోజులు గదిలో ఉండమంటే ఉండకుండా పబ్బుల చుట్టూ తిరుగుతున్నారని. రేడియోలో జనం ఫోన్లు చేసి మండిపడేవారు. అలాంటి ఒక రోజు పొద్దున నేను సైకిలు తొక్కుతుంటే, కెనడా ఆంటీ తన కారు పక్కన కదలకుండా నిలబడి కనిపించింది. అద్దం తుడిచే పుల్ల కింద ఎవరో ఒక కాగితం ఇరికించి పోయారు. పెద్ద అక్షరాలు. యాంకులూ, మీ రోగం మూటగట్టుకుని మీ దేశం పొండి అని. యాంకులంటే అమెరికావాళ్ళను ఎగతాళిగా తిట్టే మాట.

చింపేస్తుందనుకున్నాను, లేదా పోలీసులకు ఫోను చేస్తుందనుకున్నాను. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి, నన్ను దగ్గరికి పిలిచి, చెయ్యి చాపినంత దూరంలో గోడ మీద ఉంచింది.

"ఇది పొరపాటున నా కారుకు పెట్టారు బంగారం. ఇది మూలింటాయనకి రావాల్సింది. ఇచ్చిరా," అంది.

అందులో ఏముందో నేను అప్పటికే చదివాను. అయినా తీసుకుని పరుగెత్తాను. దాచడం ఎందుకు, నాకు సంతోషంగానే అనిపించింది. ఎవరి ఉత్తరం వాళ్ళకు చేరాలి కదా అనుకున్నాను.

అమెరికా అంకుల్ తలుపు తీశాడు. అంతకు ముందు నెలల్లో నేను ఇంద్రధనుస్సులు గీసి ఆయన తలుపుకున్న ఉత్తరాల కంతలో వేసేదాన్ని. అవన్నీ ఆయన కిటికీకి అంటించుకున్నాడు. ఇదీ అలాంటిదే అనుకుని, "ఈసారి ఏం గీశావు?" అంటూ కాగితం విప్పాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఎవరిచ్చారని అడిగాడు. నేను వేలు చూపించాను. ఎదురుగా కెనడా ఆంటీ తన గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయన నాతో థాంక్యూ అని, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చి మడత కుర్చీ మడిచి లోపలికి తీసుకుపోయాడు. రేడియో కూడా.

ఆ సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు మిషన్‌లో పడేసి, తలంటుకుని, అన్నానికి కూర్చుంది. మాస్కు పట్టీ ఒరుసుకుని చెవుల వెనక పుండ్లు పడ్డాయి. ఆమెను నవ్విద్దామని నేను పొద్దున జరిగింది అంతా అభినయించి చెప్పాను. నాన్న నవ్వాడు కూడా. అమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"చదివే ఇచ్చావా?"

నేను అలవాటుగా ఇంగ్లీషులోనే జవాబిచ్చాను. చదివాననీ, కానీ అది ఆవిడది కాదనీ, ఆవిడ కెనడా మనిషనీ.

"అంటే ఆయనకైతే కరెక్టేనా? చెప్పవే. ఆ ముసలాయన మార్చి నుంచి గేటు దాటలేదు. ఆయనకెక్కడిది రోగం? ఎవరికి తెచ్చాడు?"

నాన్న ఏదో సర్దబోయాడు. "చిన్నపిల్ల, దానికేం ఎరుక, పోనీ తియ్," అన్నాడు. అమ్మ చేత్తో బల్ల మీద చరిచింది. మా అమ్మ అరవడం అంతకు ముందు నేను వినలేదు.

"చిన్నపిల్లకి తెలీదు. మరి నాకేమైంది? ఏప్రిల్లో వార్డులో ఏం చేశానో మీకు చెప్పానా?" అని అరిచింది.

అప్పుడు చెప్పింది. ఊపిరి అందక వచ్చిన ఒకాయన, అమ్మ దగ్గరికి వెళ్తే, పాకిస్తాన్ వాళ్ళను తిట్టే ఒక చెడ్డమాట ఆమెను అని, ముట్టుకోవద్దన్నాడట. అమ్మ వెంటనే, తాను పాకిస్తానీ కాదు ఇండియన్ అని చెప్పిందట. వెనకే లాహోరు నుంచి వచ్చిన డాక్టరు ఆక్సిజన్ గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండేళ్ళుగా ఇద్దరూ ఒకే వార్డు, ఒకే టీ కెటిల్. ఆయన విన్నాడు. ఆ పేషెంటుకు ఆయనే మాస్కు పెట్టాడు.

"నేను కాదన్నానే గానీ, ఆ మాట ఎవర్నీ అనకూడదు అన్లేదు. నాకు తగలకుండా పక్కకి జరిగాను, ఆయనకి తగిలింది. మూడు నెలలైంది ఆయన నాతో కూర్చుని టీ తాగి," అంది అమ్మ. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమె కళ్ళు మండుతున్నాయి. అంత కోపం తన మీద తనకే ఉన్న మనిషిని నేను అదే మొదటిసారి చూడటం.

అన్నం అలాగే వదిలి, చెయ్యి కడుక్కుని, మాస్కు తగిలించుకుని, నా రెక్క పట్టుకుని బయటికి నడిచింది. అక్కడ వేసవిలో పది దాకా వెలుతురు ఉంటుంది. సందులో అందరూ గుమ్మాల్లోనే ఉన్నారు. కెనడా ఆంటీ గేటు ముందు, రెండు మీటర్ల దూరంలో నిలబడి, నా బిడ్డ చేత అది ఎందుకు పంపించారని అమ్మ ఆవిడను అడిగింది.

ఆవిడ తగ్గలేదు. "నలభై ఏళ్ళుగా నన్ను వాళ్ళలో కలుపుతున్నారు. ఇప్పుడు వాళ్ళ పాపం కూడా నా నెత్తినే. అది ఎలా ఉంటుందో నీకేం తెలుసు?" అంది. తమది మెల్లగా మాట్లాడే జాతి అని చెప్పిన మనిషి, సందంతా వినబడేలా అరిచింది.

"నాకు తెలియదా? నన్ను రోజుకొకరు రోజుకొక దేశంలో పుట్టిస్తారు," అంది అమ్మ. "మీకు కోపం రావాలి. అది రాసినవాడి మీద రావాలి. వాడు సగం చేసి పోయిన పని మీరు పూర్తి చేశారు. అదీ నా పిల్ల కాళ్ళతో."

ఆవిడ లోపలికి పోయి తలుపు ధడాలున వేసుకుంది.

తర్వాత మూలింటికి వెళ్ళాం. నేను క్షమించమని అడిగాను. అమెరికా అంకుల్ గడప మీద కూర్చున్నాడు. తర్వాత ఒక సంగతి చెప్పాడు. ఇరవై రెండేళ్ళప్పుడు యూరప్ తిరగడానికి వచ్చి, అమెరికావాడినంటే ఎక్కడ తిడతారోనని, తన సంచి మీద మేపుల్ ఆకు కుట్టుకున్నాడట. ఆయన భార్యకు కూడా మొదటి మూడు వారాలు తాను కెనడావాడిననే చెప్పాడట. నాకు నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు.

"ఎవరైనా మీ ముందే అమెరికావాళ్ళని తిడితే ఏం చేసేవారు?" అని అడిగింది.

"వాళ్ళతో కలిసి నేనూ తిట్టేవాణ్ణి," అన్నాడు. "ఆవిడ చేసిందే నేనూ చేశాను డాక్టర్. అయినా ఆవిడ మీద నాకు ఒళ్ళు మండిపోతోంది," అన్నాడు.

"మండనివ్వండి," అంది అమ్మ.

మర్నాడు నాకు శిక్ష వేసింది. రోజూ మధ్యాహ్నం మా వంటింటి కుర్చీ ఒకటి మోసుకుపోయి మూలింటి గేటు బయట కూర్చోవాలి. ఆయన బయటికి వచ్చేదాకా. "నువ్వే లోపలికి పంపావు. నువ్వే బయటికి తేవాలి," అంది. నాలుగు రోజులు కూర్చున్నాను. ఒక రోజు వాన పడితే గొడుగు వేసుకుని కూర్చున్నాను. తోటిపిల్లలు సైకిళ్ళ మీద చుట్టూ తిరుగుతూ వెక్కిరించారు. ఎదురింటి కిటికీ తెర వెనక నుంచి కెనడా ఆంటీ చూస్తోందని నాకు తెలుసు. ఐదో రోజు ఆయన మడత కుర్చీ తెచ్చి వేసుకున్నాడు. ఇద్దరం రేడియో పెట్టుకుని కూర్చున్నాం. బేస్‌బాల్ విన్నాం. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆయనకూ కెనడా ఆంటీకీ చివరికి రాజీ కుదిరిందని చెప్పాలని ఉంది గానీ అది అబద్ధం. చిన్నదానికీ పెద్దదానికీ క్షమాపణ అడగడం మా అలవాటని చెప్పిన ఆవిడ, ఆ ఒక్కదానికీ బతికున్నన్నాళ్ళూ అడగలేదు. అమ్మ మాత్రం ఆ వారమే లాహోరు డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగింది. ఆయనేమీ వెంటనే కరిగిపోలేదు. ఈ మాట ఆ మంచం దగ్గర అని ఉండాల్సింది అన్నాడట. మళ్ళీ ఇద్దరూ కలిసి టీ తాగేసరికి చలికాలం వచ్చింది.

ఆ మరుసటి ఏడు ఇండియా నుంచి కొత్త రకం రోగం వస్తోందని వార్తలు మొదలయ్యాయి. ఒక శనివారం నేను సూపర్ మార్కెట్‌లో పాల కోసం వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక ఇండియా అమ్మాయి, వీపున సంచితో, డబ్లిన్‌లో చదువుకునే విద్యార్థినిలా ఉంది. ఆమె ముందున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, దూరంగా జరుగు, మీవాళ్ళే కదా దీన్ని మోసుకొస్తున్నది అని కసిరింది. నేను నోరు తెరిచి ఆగండి అన్నాను. నా ఐరిష్ యాస విని ఆవిడ మొహం మెత్తబడింది.

"నిన్ను కాదు బంగారం. నువ్వు మా పిల్లవేగా," అంది.

ఆ మాట ఎంత తియ్యగా ఉందో ఈ రోజుకీ నాకు గుర్తుంది. తల ఊపితే చాలు, ఆ గొడవతో నాకేమీ సంబంధం ఉండేది కాదు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. అయినా ఆ అమ్మాయికి దగ్గరగా ఒక అడుగు ముందుకేసి, నేను ఆమె మనిషిని, అన్నాను. అంతకు ముందు ఆమెను నేను ఎన్నడూ చూడలేదు. ఆవిడ ఏదో గొణుక్కుంటూ డబ్బు కట్టి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నా వంక తిరిగి, నా మొహంలో ఏం పోల్చుకుందో, "నువ్వు తెలుగా చెల్లె?" అని అడిగింది.

ఇంట్లో అమ్మ ఎంత పోరినా ఇంగ్లీషులో తప్ప పలకని నేను, "అవునక్కా," అన్నాను.

మా అమ్మ ఇప్పుడు లేదు. నా జుట్టు నెరిసింది. కోపం మంచిది కాదని, వదిలెయ్యమని చాలామంది చెప్పారు, చాలావాటి విషయంలో వదిలేశాను కూడా. కానీ ఏ గుంపునైనా ఒక మాట అని, వెంటనే నా వైపు తిరిగి, నిన్ను కాదులే అని ఎవరైనా అన్నప్పుడు మాత్రం నా ఒళ్ళు భగ్గుమంటుంది. ఆ మంటను నేను ఆర్పను.